నీళ్ళు కలిపితే పారుతుంది, ఆ తరువాత?

అట్లకు పిండి కలిపేటప్పుడు మీ అమ్మగారు "గరిటజారుగా ఉండాలి" అనడం మీరు వినే ఉంటారు. ఆ ఒక్క మాటలో ఎంత సైన్సు ఇమిడి ఉందో చూడండి! గరిటె వంచితే పిండి జారాలి. కాని నీళ్ళలా చిందిపోకూడదు. పెనం మీద పోస్తే పరచుకోవాలి. పరచుకున్నాక తనంతట తానే ఆగాలి. నీళ్ళు తక్కువైతే పిండి ముద్దగా నిలిచిపోతుంది. ఎక్కువైతే అట్టు అట్టుగా రాదు. అందుకే నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించకుండా, కొంచెం కొంచెం పోసి కలుపుతూ గరిటె ఎత్తి చూస్తారు.

గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్న ఇంట్లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. ఒక బకెట్టు పేడకు ఒక బకెట్టు నీళ్ళు కలిపి తొట్టిలో పోస్తారు. నీళ్ళు తక్కువైతే పేడ తొట్టి దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువైతే లోపలికి పోయాక గట్టిపదార్థం అడుక్కు దిగి, నీరు వేరై, గ్యాసు తగ్గుతుంది.

ఇంటి పనుల్లో ఇంత కొలతగా ఉండే మనం పెద్ద పనుల దగ్గరికి వచ్చేసరికి ఆ కొలత మరచిపోతాం. చిక్కటి పదార్థం ఏదైనా పారకపోతే "ఇంకాసిని నీళ్ళు పోయండి" అంటాం. నీళ్ళు పోస్తే పారుతుంది, నిజమే. ఆ తరువాత ఆ నీళ్ళ సంగతేమిటి? ఈ ప్రశ్న అడగడం మన విద్యార్థులకు అలవాటు కావాలని నా కోరిక. పారడానికి ఎంత నీరు అవసరమో లెక్క కట్టి అంతే కలపాలి. కలిపిన నీటిని తిరిగి రాబట్టుకోవాలి. నా అభిప్రాయం ఇంతే. దీనికి కారణాలు చెబుతాను.

మా బూర్గంపాడు చుట్టూ చిక్కటి ప్రవాహాలకు కొదవలేదు. మా మండలంలోని సారపాకలో 1979 నుంచి కాగితపు మిల్లు నడుస్తోంది. అక్కడ పారేది కలపగుజ్జు. పాల్వంచలో 1966లోనూ, ఆ తరువాత చాలాకాలానికి మణుగూరు వైపునా బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. బొగ్గు కాల్చే చోట బూడిద తప్పదు. ఇక కిన్నెరసాని వచ్చి కలిసే గోదావరి సంగతి సరేసరి. వరద రోజుల్లో అందులో పారేది నీరు మాత్రమే కాదు, ఒండ్రు కూడా. గట్టిపదార్థపు పొడి నీటితో కలిసి పారే చిక్కటి మిశ్రమాన్ని ఇంజనీర్లు స్లర్రీ అంటారు. ఈ స్లర్రీల నడక నీటి నడకకు భిన్నంగా ఉంటుంది.

నీటి నడక

ముందు మంచినీటి సంగతి చూద్దాం. కాలువలో నీటిని కిందికి లాగేది గురుత్వాకర్షణ. అడ్డుపడేది అడుగు, గట్ల రాపిడి. ఈ రెండూ సరితూగినప్పుడు నీరు ఒకే వేగంతో పారుతుంది. 18వ శతాబ్దంలో షెజీ అనే ఫ్రెంచి ఇంజనీరు, 1889లో మానింగ్ అనే ఐరిష్ ఇంజనీరు దీనికి సూత్రాలు ఇచ్చారు. వాటి సారాంశం ఇది: వాలు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లవుతుంది. లోతు పెరిగితే వేగం పెరుగుతుంది. గట్లు గరుకుగా ఉంటే వేగం తగ్గుతుంది.

నీటికి ఒక మంచి గుణం ఉంది. వాలు ఎంత స్వల్పంగా ఉన్నా అది కదులుతుంది. 5,000 మీటర్ల దూరానికి ఒక్క మీటరు వాలు ఇచ్చినా పొలం కాలువ పారుతుంది. నెమ్మదిగా పారుతుందేమో గాని, ఆగిపోదు. ఇలా ఎంత చిన్న బలానికైనా లొంగే ద్రవాలను న్యూటన్ పేరు మీద న్యూటనీయ ద్రవాలు అంటారు. ఆముదం నీటికన్నా కొన్ని వందల రెట్లు చిక్కన. అంటే దాని స్నిగ్ధత అంత ఎక్కువ. అయినా అదీ న్యూటనీయ ద్రవమే. పళ్ళెంలో పోసి కొంచెం వంచితే, ఎంత ఆలస్యమైనా చివరకు జారుతుంది.

బురద మొండితనం

బురద అలా కాదు. పళ్ళేన్ని కొంచెం వంచితే కదలనే కదలదు. ఇంకాస్త వంచితే ఉన్నట్టుండి జారుతుంది. అంటే దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటని బలానికి అది ఘనపదార్థంలా నిలుస్తుంది. దాటితే ద్రవంలా పారుతుంది. అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూజీన్ బింగ్‌హామ్ 1919లో పెయింట్లను పరీక్షించి, వాటికి ఈ గుణం ఉన్నదని చూపించాడు. అందుకే గోడకు వేసిన సున్నపు నీళ్ళు చారలు కడుతూ కారుతాయి. పలుచగా పూసిన పెయింటు మాత్రం పూసిన చోటనే నిలుస్తుంది.

ఈ హద్దును లెక్కతో చూద్దాం. ఒక కాలువ వాలు నూరు మీటర్లకు ఒక మీటరు అనుకుందాం. అందులో 20 సెంటీమీటర్ల లోతున స్లర్రీ ఉంది. ఘనపు మీటరు స్లర్రీ బరువు 1,500 కిలోలు అనుకుందాం. అప్పుడు కాలువ అడుగున ప్రతి చదరపు మీటరు మీదా 300 కిలోల స్లర్రీ ఉంటుంది. వాలు నూటికి ఒకటి కాబట్టి, అందులో నూరో వంతు, అనగా 3 కిలోల బరువు మాత్రమే దానిని కిందికి లాగుతుంది. ఆ స్లర్రీ హద్దు చదరపు మీటరుకు 4 కిలోలైతే ఏమవుతుంది? ఏమీ కాదు! సాయంత్రం దాకా చూసినా కదలదు.

దీనికి మూడు ఉపాయాలున్నాయి. వాలు పెంచాలి. లేదా లోతు పెంచాలి. 27 సెంటీమీటర్ల లోతయితే లాగే బలం 4 కిలోలు దాటుతుంది. లేదా నీళ్ళు కలిపి హద్దునే తగ్గించాలి. అన్నిటికన్నా సులువైనది మూడోది. అందుకే అందరి చేయీ దానివైపే పోతుంది.

చిక్కటి స్లర్రీ పారేటప్పుడు ఇంకొక విశేషం కనిపిస్తుంది. అడుగున ఒరిపిడి బలం ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కాబట్టి హద్దు దాటేది అడుగుభాగం మాత్రమే. పైభాగం చెక్కుచెదరక, తెప్పలా మొత్తంగా తేలిపోతుంది. బురద పారేటప్పుడు దాని మీద పడిన ఆకులు ఒకదానినొకటి దాటకుండా అలాగే సాగిపోవడానికి కారణం ఇదే.

పలుచటిదానికీ లోపముంది

"అయితే బాగా పలుచన చేస్తే గొడవే లేదు కదా!" అనిపించవచ్చు. అక్కడే ఉంది చిక్కు. పలుచటి నీటిలో రేణువులు విడివిడిగా ఉంటాయి. విడిగా ఉన్న రేణువు అడుక్కు దిగుతుంది. స్టోక్స్ 1851లో చూపినట్లు, సన్నటి రేణువుల్లో వ్యాసం రెట్టింపయితే దిగే వేగం నాలుగింతలవుతుంది. ఆ రేణువులను పైకి లేపి ఉంచాలంటే ప్రవాహం సుడులు తిరుగుతూ వేగంగా పారాలి. వేగం తగ్గిన చోట మేట పడుతుంది. పంజాబులో బారీ దోఆబ్ కాలువలను పరిశీలించిన కెనెడీ అనే ఇంజనీరు 1895లో ఒక సూత్రం చెప్పాడు. దాని ప్రకారం ఒక మీటరు లోతున్న అటువంటి కాలువలో నీటివేగం సెకనుకు సుమారు 55 సెంటీమీటర్లు ఉంటే, మేటా పడదు, అడుగూ కోసుకుపోదు.

మా ఊరివాళ్ళకు ఈ పాఠం గోదావరే చెబుతుంది. 2022 జులై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. గోదావరి ఇంత ఎత్తున ఉన్నప్పుడు కిన్నెరసాని నీరు అందులో కలవలేక వెనక్కు ఎగదంతుంది. పారే నీరు నిలవనీరవుతుంది. వేగం పోయిన నీరు తన బరువును దించేస్తుంది. వరద తీసిన తరువాత ఇళ్ళల్లో, పొలాల్లో కనిపించే ఒండ్రు అదే. తడిగా ఉన్నప్పుడే దానిని పారతో లాగి, నీళ్ళతో కడగాలి. ఒకసారి నీరు ఆరిందా, పలుగు పట్టవలసిందే.

చిక్కదనం లెక్క చిన్నది కాదని చెప్పడానికి ఒక సంగతి. ద్రవంలో సన్నటి గుండ్రని రేణువులు కొద్దిగా కలిస్తే దాని స్నిగ్ధత ఎంత పెరుగుతుందన్న సమస్యకు 1906లో పూనుకున్నది ఆల్బర్ట్ ఐన్‌స్టీన్! 1911లో ఆ లెక్కను సవరించుకున్నాడు. ఘనపరిమాణంలో నూటికి రెండు పాళ్ళు రేణువులుంటే స్నిగ్ధత నూటికి అయిదు పాళ్ళు పెరుగుతుందని తేలింది. రేణువులు కిక్కిరిసేకొద్దీ ఈ పెరుగుదల చాలా వేగంగా సాగుతుంది. ఆయన కుమారుడు హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ నదులు ఇసుకను ఎలా మోసుకుపోతాయన్న విషయం మీదనే జీవితమంతా పనిచేశాడు.

కాబట్టి పలుచటి స్లర్రీ సులువుగా కదులుతుంది గాని, దారిలో సరుకు దించేస్తుంది. చిక్కటి స్లర్రీ సరుకును గట్టిగా పట్టుకుంటుంది గాని, అసలు కదలడానికే మొరాయిస్తుంది. ఈ రెండింటి నడుమ తగిన చోటును వెతకడమే ఇంజనీరు పని. అమ్మ గరిటె ఎత్తి చూసేదీ అందుకే.

గుజ్జు ఒక దారి, బూడిద ఒక దారి

కాగితం తయారీలో నీళ్ళు ఎంత కలుపుతారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. యంత్రంలో జల్లెడ మీదికి వచ్చే గుజ్జులో నూటికి ఒక పాలు లేక అంతకన్నా తక్కువ పీచు ఉంటుంది. మిగిలిందంతా నీరే. ఇది వృథా అనుకోకండి. జామాయిల్ కలప పీచు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. నూటికి మూడు నాలుగు పాళ్ళు కాగానే ఈ పీచులు ఒకదానికొకటి చిక్కుపడి ముద్దలు కడతాయి. ముద్దలు కట్టిన గుజ్జుతో కాగితం తీస్తే ఒకచోట మందం, ఒకచోట చిల్లి. కనుక అన్ని నీళ్ళూ అవసరమే. అయితే జల్లెడలోంచి కారిన నీటిని, అందులో మిగిలిన పీచుతో సహా పట్టి, మళ్ళీ కొత్త గుజ్జులో కలుపుతారు. ఎక్కువ నీళ్ళు వాడినా, ఎక్కువ భాగం తిరిగి పనిలోకి వస్తుంది. ఇది నేర్చుకోదగిన పద్ధతి.

ఇప్పుడు బూడిద లెక్క. మన దేశపు బొగ్గులో సాధారణంగా నూటికి 30 నుంచి 45 పాళ్ళు బూడిద ఉంటుంది. అంటే నూరు టన్నుల బొగ్గు కాలిస్తే 40 టన్నుల బూడిద మిగులుతుందనుకోవచ్చు. దానిని నీళ్ళలో కలిపి బూడిద చెరువుకు పంపడం థర్మల్ కేంద్రాల పాత పద్ధతి. స్లర్రీలో నూటికి పది పాళ్ళు బూడిద అయితే, ఒక టన్ను బూడిదకు 9 టన్నుల నీరు కావాలి. అదే స్లర్రీని నూటికి అరవై పాళ్ళ చిక్కదనంతో పంపితే? టన్ను బూడిదకు సుమారు 670 కిలోల నీరు చాలు. కాగితం మీద మీరే లెక్క వేసి చూడండి. 9,000 లీటర్లు ఒకవైపు, 670 లీటర్లు ఒకవైపు! పదమూడు రెట్ల తేడా.

పాల్వంచ కేంద్రానికి నీరిచ్చేది కిన్నెరసాని. అదే నీటి మీద పొలాలు ఆధారపడ్డాయి, పల్లెలు ఆధారపడ్డాయి. బూడిదను మోయడానికి పోసిన ప్రతి లీటరూ ఎక్కడినుంచో తీసినదే. చెరువులో చేరిన నీటిలో కొంత ఆవిరవుతుంది. కొంత భూమిలోకి ఇంకుతుంది. ఇంకేటప్పుడు బూడిదలోని లవణాలను కరిగించుకుని పోతుంది. తిరిగి పంపు చేసి వాడుకున్నంత మేరకే లాభం.

దీనికి ఎదురుమాట ఉంది. దానినీ న్యాయంగా చెప్పాలి. పలుచటి స్లర్రీకి మామూలు పంపులు సరిపోతాయి. చిక్కటిదానికి పిస్టన్‌తో బలంగా తోసే పంపులు, ఆ ఒత్తిడికి తట్టుకునే గొట్టాలు కావాలి. ఖర్చు ఎక్కువ. తెరిచిన కాలువలో పంపుదామంటే, మా గోదావరి ఒడ్డు నేలలో అంత వాలు దొరకదు. వాలు చాలకపోతే ఏమవుతుందో పైన లెక్కలో చూశాం. ఈ మాటలన్నీ నిజమే. కాని పంపు ఖరీదు వేసేటప్పుడు నీటి ఖరీదు వేయకపోతే అది సగం లెక్కే అవుతుంది. సగం లెక్కకు నేను తరగతిలో మార్కులివ్వను.

నిలిచినదల్లా గట్టిది కాదు

ఖర్చుకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. పారించడానికి కలిపిన నీరు, పారడం ఆగిన తరువాత కూడా లోపలే ఉంటుంది. పైన ఎండి పగుళ్ళు వేసిన బూడిద చెరువు గట్టినేలలా కనిపిస్తుంది. లోపల తడి అలాగే ఉంటుంది. హద్దు దాటనంతవరకే అది ఘనపదార్థం. గట్టు తెగితే మళ్ళీ ద్రవమే.

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని కింగ్‌స్టన్ విద్యుత్ కేంద్రం దగ్గర 2008 డిసెంబరు 22న బూడిద నిల్వ గట్టు తెగింది. నలభై లక్షల ఘనపు మీటర్లకు పైగా తడి బూడిద ఇళ్ళ మీదికి, నదిలోకి జారింది. అంతకుముందు 1966 అక్టోబరు 21న వేల్సు దేశంలో ఆబర్‌ఫాన్ అనే బొగ్గుగనుల ఊరిలో ఇంకా ఘోరం జరిగింది. గనుల చెత్తను కొండమీద, నీటి ఊటలున్న చోట గుట్టగా పోశారు. లోపల నీరు చేరి ఆ గుట్ట ఉదయం బడివేళ ద్రవంలా కిందికి దూకింది. కింద ఉన్నది పాఠశాల. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. మనది కూడా బొగ్గుగనుల ప్రాంతమే. భయపడమని చెప్పడం లేదు. తడి గుట్ట ఎందుకు పారుతుందో తెలిసినవాళ్ళు ఊరికొకరైనా ఉండాలని చెబుతున్నాను.

అందువల్ల ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస ఉండాలి. బూడిదను పొడిగానే పట్టి సిమెంటుకు, ఇటుకలకు పంపడం మొదటిది. విద్యుత్ కేంద్రాలు బూడిదనంతా వినియోగంలోకి తేవాలని కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 31న ఉత్తర్వు కూడా ఇచ్చింది. మిగిలినదానిని వీలైనంత చిక్కగా పంపడం రెండవది. పలుచగా పంపక తప్పకపోతే ఆ నీటిని తిరిగి రప్పించడం మూడవది. నీళ్ళు పోసి వదిలేయడం ఈ వరుసలో ఎక్కడా లేదు.

మీరే చేసి చూడండి

స్నిగ్ధత పాఠం ఇంటర్మీడియట్ దాకా రాదు. అంతవరకు ఆగనక్కరలేదు. ఒక అరటి డొప్ప తీసుకోండి. అదే మీ కాలువ. ఏటి ఒండ్రును జల్లించి, మూడు గిన్నెలలో ఒక్కొక్క గ్లాసు పోయండి. మొదటిదానిలో అరగ్లాసు నీళ్ళు, రెండవదానిలో ఒక గ్లాసు, మూడవదానిలో మూడు గ్లాసులు కలపండి. మట్టినిబట్టి కొలత కొంచెం మారవచ్చు. పొయ్యి బూడిద మాత్రం వద్దు. దాని నీళ్ళు చేతులను, కళ్ళను మండిస్తాయి.

డొప్పను నేలమీద ఉంచి, ఒక్కొక్కదానిని అందులో పోసి, ఒక కొనను మెల్లగా పైకెత్తండి. ఎంత ఎత్తు దగ్గర కదలిక మొదలైందో స్కేలుతో కొలవండి. ఆ ఎత్తును డొప్ప పొడవుతో భాగిస్తే వాలు వస్తుంది. పైన మనం వేసినట్టే చదరపు మీటరుకు ఎంత బరువు లాగిందో లెక్క వేయండి. మీ ఒండ్రు హద్దు దొరుకుతుంది. పారుతున్నప్పుడు పైన అడ్డంగా వరి ఊక గీతలా చల్లండి. పలుచటిదాని మీద గీత చెదిరిపోతుంది. చిక్కటిదాని మీద నడిమిభాగం నిటారుగా అలాగే సాగుతుంది. తరువాత మూడు గిన్నెలనూ ఒక రాత్రి కదల్చకుండా ఉంచండి. తెల్లవారి పైకి ఎంత నీరు తేరిందో చూడండి. ఆ తేరిన నీటిని వంచి, మరుసటి ప్రయోగానికి వాడండి.

మీ పాఠశాలవారు ఎప్పుడైనా మిల్లుకో, విద్యుత్ కేంద్రానికో తీసుకువెళితే, యంత్రం ఎంత పెద్దదో చూసి వచ్చేయకండి. అక్కడి ఇంజనీరుగారిని మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. "సార్, ఇందులో టన్నుకు ఎంత నీరు కలుపుతారు? అందులో ఎంత తిరిగి వస్తుంది?" జవాబును నోటుబుక్కులో రాసుకోండి. మరుసటి ఏడు వెళ్ళే తరగతి కూడా అదే ప్రశ్న అడిగి, అదే పుస్తకంలో ఆ కిందనే రాయాలి.